కవరు మీద పెన్సిలు రాత

విజయవాడ సత్యనారాయణపురంలో మా మేనమామ ఉంటున్న ఇల్లు వాళ్ల నాన్నగారు కట్టించింది. ఈమధ్య ఆ స్థలాన్ని అపార్ట్‌మెంటుకి ఇచ్చారు. సంక్రాంతిలోపు ఖాళీ చేయాలి. మంచాలు, బిందెలు, దేవుడి పటాలు సర్దడానికి రెండు రోజులు పట్టింది. వెనక గదికి వచ్చేసరికి పని ఆగిపోయింది. అక్కడ ఎనిమిది వందల గ్రామఫోన్ ప్లేట్లు, రెండు వందల దాకా ఎల్పీలు, ఈపీలు, ట్రంకు పెట్టె నిండా సినిమా పాటల పుస్తకాలు, చాపల్లా చుట్టిన వాల్‌పోస్టర్లు ఉన్నాయి. ఆయన నలభై ఏళ్లకు పైగా వాటిని పోగేశారు. నేను హైదరాబాదులో పాత కాగితాలు, ఫొటోలు స్కాన్ చేసి కంప్యూటర్లలో భద్రపరిచే ఉద్యోగం చేస్తాను. ఆ గది గడప దగ్గర మా ఇద్దరికీ జరిగిన వాదన ఇది.

నేను: మామయ్యా, ఒక మాట అంటాను, కోప్పడకండి. కొత్త చోట మీకు రెండే గదులు. ఒక్కో ప్లేటు రెండొందల గ్రాముల పైమాటే. ఎనిమిది వందలంటే ఒకటిన్నర క్వింటాలు దాటుతుంది. ఇందులో పాటలు చాలావరకు ఫోనులోనే దొరుకుతున్నాయి. నాకు ఒక్క నెల ఇవ్వండి, దొరకనివి కూడా కంప్యూటర్లోకి ఎక్కించి అరచేతిలో పట్టే డబ్బాలో పెట్టి ఇస్తాను. ఆ తర్వాత ఇవన్నీ ఎవరికైనా ఇచ్చేద్దాం.

మామయ్య: ఎవరికి?

నేను: ఎవరు అడిగితే వాళ్లకి. ఈ రోజుల్లో పాత పోస్టర్లని హోటళ్లవాళ్లు కొని, ఫ్రేము కట్టి గోడలకి పెట్టుకుంటున్నారు.

మామయ్య: ఆ హోటల్లో ఇడ్లీ తినేవాడు ఆ బొమ్మ ఎవరు వేశారని అడుగుతాడా? సరే, ముందు నీ ఫోను సంగతి చూద్దాం. నువ్వు ఫోనులో వినే పాటా, ఈ ప్లేటులో ఉన్న పాటా ఒకటే అనుకుంటున్నావు. చాలాసార్లు కాదురా అబ్బాయ్. ఇది నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేటు. పది అంగుళాల దానిమీద ఒక్కో వైపు మూడు నిమిషాలు, మహా అయితే మూడున్నర పడుతుంది. సినిమాలో పాట అయిదు నిమిషాలుంటే ఏం చేస్తారు? మొదటి భాగం, రెండో భాగం అని రెండు వైపులకీ పంచుతారు. లేదా ఒక చరణం తీసేస్తారు. లేదా ప్లేటు కోసమే మళ్లీ పాడించి రికార్డు చేస్తారు. గ్రామఫోన్ కంపెనీలు వేరుగా పాడించుకున్న కాలం కూడా ఉంది. అప్పుడు ఆలాపన మారుతుంది, నడక మారుతుంది, ఒక్కోసారి గొంతే మారుతుంది. ఫోనులో ఉన్నది సినిమా రీలు నుంచి తీశారో, ప్లేటు నుంచి తీశారో, ఎనభైల్లో వచ్చిన క్యాసెట్టు నుంచి తీశారో ఎక్కడైనా రాసి ఉంటుందా?

నేను: రాసి ఉండదు, ఒప్పుకుంటాను. కానీ వినేవాడికి పాట కావాలి. అది ఎక్కణ్నుంచి వచ్చిందో ఎందుకు?

మామయ్య: ఇదిగో, ఈ కవరు చూడు. మన వీధి చివర ఒక లెక్కల మాస్టారు ఉండేవారు. ఆయన పోయాక పిల్లలు ఇల్లు అమ్ముకుంటూ రికార్డులన్నీ పాత సామాన్ల కొట్టుకి తూకానికి వేసేశారు. నాకు తెలిసి పరుగెత్తుకెళ్లేసరికి సగం పోయాయి. మిగిలిన అరవై తెచ్చుకున్నాను. ఈ ఖాకీ కాగితం అంచున పెన్సిలుతో ఏం రాశారో చదువు.

నేను: "1957 దసరా. బీసెంట్ రోడ్డు. సినిమాలో విన్నదానికంటే ఒక చరణం తక్కువ. అమ్మకి వినిపించాను."

మామయ్య: చూశావా? సినిమా ఆడుతున్న ఏడాదే, హాల్లో విని వచ్చిన చెవితో, ఒక చరణం తగ్గిందని రాసిపెట్టాడు. ఏ పుస్తకంలోనూ లేని సాక్ష్యం. పాట ఒక్కటే చాలనుకుని ఈ కవరు పారేస్తే ఆ మాట కూడా పోతుంది.

నేను: బాగుంది మామయ్యా. కానీ సాక్ష్యం అన్నారు గనక నేనూ ఒక సాక్ష్యం చెబుతాను. 1949లో వచ్చిన 'మహల్' అనే హిందీ సినిమా ప్లేటు మీద గాయని పేరు కామిని అని వేశారు. కామిని ఆ సినిమాలో పాత్ర పేరు. పాడింది లతా మంగేష్కర్. లేబులే అబద్ధం చెబితే దాన్ని భద్రంగా దాచి ఏం లాభం?

మామయ్య: ఆ అబద్ధం కూడా చరిత్రేరా. పాడినవాళ్లకి పేరు ఇవ్వాలన్న ఆలోచనే లేని రోజులవి. ఆ సంగతి మనకి చెప్పింది ఆ లేబులే. తప్పు పేరు ఉన్న ప్లేటు పోతే, అలా తప్పు వేశారన్న సంగతే నిలవదు. ఇంకో మాట. 'మాయాబజార్' టైటిల్స్‌లో సంగీతం ఘంటసాల అని ఉంటుంది. అందులో కొన్ని బాణీలు ముందే సాలూరి రాజేశ్వరరావు కట్టి ఇచ్చారు. 'దేవదాసు' పూర్తి కాకముందే దాని సంగీత దర్శకుడు సుబ్బరామన్ 1952లో పోయారు. మిగిలిన పని ఎమ్మెస్ విశ్వనాథన్, రామమూర్తి చేశారు. ఇవన్నీ తెలిసినవాడు ప్లేటు వింటే చెవి వేరేగా పనిచేస్తుంది.

నేను: తెలిసినవాడు, నిజమే. ఆ తెలిసినవాడు మీరు. మీకు తెలిసింది ఈ గదిలో ఎక్కడుంది?

మామయ్య: నా తలలో ఉంది.

నేను: సరే, ఆ మాట దగ్గరికి మళ్లీ వస్తాను. ఇంకో అభ్యంతరం ఉంది. మీరు దాస్తున్నది సినిమా సంగీతం అంటారు. ఈ ప్లేట్ల మీద ఉన్నవి పాటలే. సన్నివేశాల వెనక వినిపించే సంగీతం వీటిలో ఉందా? 'మల్లీశ్వరి'లో మాటల్లేని చోట వినిపించే సంగీతం ఏ ప్లేటు మీద వచ్చింది?

మామయ్య: రాలేదు. అది నాకెప్పుడూ బాధే. అమెరికాలో ఆ సంగీతాన్నే ప్లేట్లుగా అమ్మారు. 1942లో 'జంగిల్ బుక్' సినిమాకి మిక్లోష్ రోజా చేసిన సంగీతాన్ని వేశారు. అందులో కథ చెప్పిన గొంతు ఎవరిదనుకున్నావు? సాబూది. మైసూరు అడవుల దగ్గర పుట్టి, మావటి కొడుకుగా పెరిగి హాలీవుడ్‌కి వెళ్లిన కుర్రాడు. మన దగ్గర పాట అమ్ముడయ్యేది గనక పాటే వేశారు. రాత్రంతా కూర్చుని రీలు చూస్తూ సన్నివేశానికి వీణో వేణువో అద్దిన పని అంతా సినిమా రీలులోనే ఉండిపోయింది. రీలు పోతే అదీ పోయింది. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. ఇవాళ చూద్దామంటే లేదు. రీలు మీద ఉన్న వెండి కోసం కరిగించేసిన సినిమాలు మన దేశంలో ఎన్నో ఉన్నాయి.

నేను: అంటే మీ ప్లేట్లు మొత్తం సినిమా సంగీతాన్ని కాపాడలేవు.

మామయ్య: కాపాడలేవు. కానీ సినిమా పోయినచోట మిగిలేవి ఇవే. ఒక ప్లేటు, ఒక పాటల పుస్తకం, ఒక పోస్టరు. ఆ పాటల పుస్తకం తీసి చూడు. హాలు గుమ్మం దగ్గర అణాకో రెండణాలకో అమ్మేవాళ్లు. మొదట నటీనటుల పేర్లు, తర్వాత సగం కథ, ఆ తర్వాత మిగతాది వెండితెర మీద చూడమని ఒక మాట, చివర పాటలు. ప్లేటులో కోసేసిన చరణం ఈ పుస్తకంలో ఉంటుంది. పుస్తకంలో పేరు లేని గాయకుడు ప్లేటు లేబులు మీద ఉంటాడు. ఆ రెండిట్లోనూ లేని ముఖం పోస్టరు మీద కనిపిస్తుంది. ఈ మూడూ పక్కపక్కన పెట్టుకుంటే పోయిన సినిమా కొంతైనా లేచి కూర్చుంటుంది. విడివిడిగా అమ్మేస్తే దేనికి ఏది తోడో ఎవరికీ తెలియదు.

నేను: ప్లేట్లూ పుస్తకాలూ సరే. పోస్టరు మాత్రం గోడకి అంటించి, వానకి తడిసి, వచ్చే శుక్రవారానికి ఇంకోటి మీద పడితే పోవడానికే పుట్టింది. మైదా ఉడికించి, మైలుతుత్తం కలిపి అంటించేవాళ్లు. ఆ మైదా రుచికి ఆవులు గోడల మీంచి పీక్కుని తినేవి. నశించడానికే చేసిన ప్రకటనని కళాఖండంగా పూజించడం అతి అనిపిస్తుంది.

మామయ్య: పోవడానికి పుట్టింది గనకే మిగిలినదానికి విలువ. ఆ చుట్ట విప్పు. మెల్లిగా. అంచు పట్టుకోకు, రెండు అరచేతుల మీద వెయ్యి. ఇది సిక్స్ షీట్. ముక్కలుగా అచ్చేసి గోడ మీద కలుపుకుంటూ అంటిస్తారు. ఇదిగో, ఇక్కడ అతుకు. కింద సన్నటి అక్షరాల్లో అచ్చేసిన ఊరు పేరు చూడు. శివకాశి. బాణసంచా, అగ్గిపెట్టెలు, కాలెండర్లు, మన పోస్టర్లు, అన్నీ అక్కడివే. చిత్రకారుడు మద్రాసులో రంగుల్లో బొమ్మ వేస్తాడు. లిథో అచ్చుకి ఒక్కో రంగుని విడదీసి, ఒక్కో పలక మీద చేత్తో ఎక్కించుకుని, ఒకదాని మీద ఒకటి అచ్చేస్తారు. ఎక్కడో వెంట్రుకవాసి జారితే పెదవి రంగు గడ్డం మీదికి వస్తుంది. దగ్గర నుంచి చూడు, చెంప మీద ఎరుపు చుక్కలు చుక్కలుగా ఉంది. ఆ చుక్కలు ఒక మనిషి చేత్తో పెట్టినవి.

నేను: మంచి పనితనం. ఒప్పుకుంటున్నాను.

మామయ్య: ఇప్పుడు ఆ టైటిలు చూడు. ఆ రోజుల్లో కంప్యూటరు అక్షరాలు లేవు. ప్రతి సినిమాకీ పేరు కొత్తగా గీసేవాళ్లు. పౌరాణికమైతే అక్షరాలకి కిరీటం బరువు వచ్చేది. జానపదమైతే తలకట్టు కత్తి మొనలా లేచేది. కుటుంబ కథైతే అక్షరం పూలతీగలా సన్నబడేది. చదువురాని వాడు కూడా ఆ వంపు చూసి లోపల యుద్ధం ఉందా, పెళ్లి ఉందా చెప్పేవాడు. మన గుండ్రటి లిపితో అన్ని రకాల ముఖాలు చేసిన కళ ఇది. దీన్ని ఏ బడిలోనూ నేర్పలేదు. సైన్‌బోర్డులు రాసినవాళ్లు, ఫొటోలకి రంగులద్దినవాళ్లు, నాటకాల తెరలు వేసినవాళ్లు వచ్చి చేశారు. కేతా, గంగాధర్, ఈశ్వర్, బాపు, ఈ పేర్లు ఎంతమందికి తెలుసు? ఈశ్వర్‌ది పాలకొల్లు. బాపు మొదటి సినిమా 'సాక్షి'కి 1967లో పోస్టర్లు చేసి పైకొచ్చారు. తన అనుభవమంతా 'సినిమా పోస్టర్' అని పుస్తకం రాశారు గనక ఆ మాత్రమైనా మనకి తెలిసింది.

నేను: రాశారు గనక తెలిసింది. ఆ మాట మీరే అన్నారు, గుర్తుపెట్టుకుంటాను.

మామయ్య: ఇంకో విచిత్రం చెబుతాను. 'మాయాబజార్' 1957లో నలుపు తెలుపు సినిమాగా వచ్చింది. మార్కస్ బార్ట్‌లే కెమెరా వెన్నెల కురిపించింది గానీ రంగు లేదు. మరి గోడ మీద? నిండా రంగులు. కృష్ణుడి ఒంటి నీలం, పట్టు పీతాంబరం పసుపు, ఘటోత్కచుడి గద మీద బంగారం, ఇవన్నీ జనం చూసింది బజార్లోనే. ఆ రంగుల్ని కళ్లలో పెట్టుకుని హాల్లోకి వెళ్లి, నలుపు తెలుపు మీద తామే పూసుకున్నారు. కంప్యూటరుతో ఆ సినిమాకి రంగులద్దింది 2010లో. అంతకు ముందు యాభై ఏళ్లూ ఆ రంగులు పోస్టర్లలోనే ఉన్నాయి. ఇప్పుడు చెప్పు, ఇది ఉత్త ప్రకటనేనా?

నేను: ఈ సంగతి నేనెప్పుడూ ఆలోచించలేదు. కానీ మామయ్యా, మీ ప్లేట్ల కవర్ల మీద ఈ బొమ్మలు లేవేం? ఇవన్నీ ఒకే రకం ఖాకీ కాగితాలు, మధ్యలో చిల్లు.

మామయ్య: 78 ప్లేట్లకి అంతే. చిల్లులోంచి లేబులు కనబడాలి, కవరు మీద కంపెనీ ప్రకటన ఉండాలి. సినిమా ఏదైనా అదే కవరు. పాశ్చాత్య దేశాల్లో పెద్ద సంగీతానికి నాలుగైదు ప్లేట్లు కలిపి, ఫొటోల పుస్తకంలా అట్టలు కట్టి అమ్మేవాళ్లు. ఆల్బమ్ అన్న మాట అక్కడే పుట్టింది. ఆ అట్టలు కూడా మొదట్లో సాదాగా ఉండేవి. 1940లో కొలంబియా కంపెనీలో అలెక్స్ స్టైన్‌వైస్ అనే ఇరవై మూడేళ్ల కుర్రాడు వాటి మీద బొమ్మలు వేయిస్తే ఇంకా బాగా అమ్ముడుపోతాయని పట్టుబట్టాడు. 1948లో ఎల్పీ వచ్చింది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకి పైగా పాట. అయిదారు ప్లేట్ల సినిమా ఒక్క ప్లేటులో ఇమిడింది. దానికి పన్నెండంగుళాల చదరపు అట్ట దొరికింది. మన దేశంలో 78 ప్లేట్లు అరవైల దాకా నడిచాయి గనక మనకి బొమ్మల కవర్లు ఆలస్యంగా వచ్చాయి. వచ్చాక పోస్టరు మీద ముఖమే కవరు మీదికి దిగింది. గోడ మీది బొమ్మ జనం ఇళ్లలోకి అలా వచ్చింది. 'శంకరాభరణం' 1980లో వచ్చినప్పుడు సినిమా చూడనివాళ్లు కూడా ఆ ఎల్పీ కొన్నారు. కేవీ మహదేవన్‌కి, బాలసుబ్రహ్మణ్యానికి, వాణీ జయరామ్‌కి ముగ్గురికీ జాతీయ అవార్డులు తెచ్చిన సంగీతం అది. అట్ట మీద శంకరశాస్త్రి ముఖం చూస్తూ పాట వినడం ఒక సంస్కారం అయిపోయింది.

నేను: ఇక నేను చెప్పేది వినండి. మీకు ప్లేట్లంటే అంత ప్రాణం కదా, వాటిని అరగదీస్తున్నది ఎవరు? మీరే. ఆ పాత మెషీన్‌లో ఉక్కు ముల్లు పెట్టి తిప్పిన ప్రతిసారీ గాడి కొంత చెరిగిపోతుంది. ఎల్పీకి వాడే సన్నటి ముల్లుతో 78 ప్లేటు వేస్తే అది గాడి అడుగుకి జారి బరబరమంటుంది. దీనికి అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన మూడు వంతుల మందం ఉన్న ముల్లు కావాలి. అది తేలిగ్గా తాకాలి. సరైన ముల్లుతో ఒక్కసారి వేసి జాగ్రత్తగా కంప్యూటర్లోకి తీసుకుంటే, తర్వాత వందసార్లు విన్నా ప్లేటుకి దెబ్బ లేదు. వస్తువుని ప్రేమించేవాడు నకలు తీయాలి.

మామయ్య: అది నిజమే. నా ముల్లు మార్చి చాలా రోజులైంది.

నేను: ఇంకోటి. ఆ నల్ల మచ్చలు చూశారా? మన ఉక్కకి బూజు పట్టింది. మొన్న వీటిలో ఒకదాన్ని స్పిరిటుతో తుడిచారటగా?

మామయ్య: తుడిచాను. ఎల్పీలకి పనిచేసింది గదా అని.

నేను: ఎల్పీ వినైల్. అది ఒక రకం ప్లాస్టిక్, నీళ్లు కలిపిన స్పిరిటుకి తట్టుకుంటుంది. 78 ప్లేటు లక్క. స్పిరిటు లక్కని కరిగించేస్తుంది.

మామయ్య: లక్క అని నాకు తెలియదా? ఏటికొప్పాక బొమ్మకి పూసే లక్కే ఇది. రాతిపొడి, మసి కలిపి వేడిగా అచ్చు వేస్తారు. మద్రాసులో ఘంటసాల, భానుమతి పాడితే కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో 1928లో పెట్టిన ఫ్యాక్టరీలో ప్లేటుగా అచ్చయి బెజవాడ వచ్చేది. అన్నీ తెలిసి కూడా స్పిరిటు వాడాను. ఏ ప్లేటుకి వాడానో చూపిస్తాను, ఇదిగో. మెరుపు పోయింది.

నేను: ఆ ప్లేటు విషయం ఎక్కడైనా రాశారా?

మామయ్య: ఏం రాయాలి?

నేను: ఏది తుడిచారు, ఎప్పుడు, దేంతో. మామయ్యా, ఇప్పుడు నేను దాచుకున్న మాటల దగ్గరికి వస్తున్నాను. మాస్టారి ప్లేటు గురించి మీకు గర్వం. ఆయన చెవి మీకు తెలుసు, ఆయన తల్లికి పాట వినిపించిన దసరా కూడా తెలుసు. ఎలా తెలిసింది? ఆయన పెన్సిలు పట్టుకున్నారు గనక. ఈశ్వర్ సంగతి ఎలా తెలిసింది? పుస్తకం రాశారు గనక. మరి ఈ ఎనిమిది వందల్లో మీరు కొన్న ఏడు వందల నలభై మీద మీ రాత ఒక్క అక్షరం ఉందా?

మామయ్య: లేదు.

నేను: మాస్టారి పిల్లల్ని ఇందాక తప్పుపట్టారు. వాళ్లకి ఏది ఏమిటో ఎలా తెలుస్తుంది? తెలిసిన ఒక్క మనిషి వెళ్లిపోయాక మిగిలింది బరువే, తూకానికే వేశారు. రేపు మీ పిల్లలూ అంతే. వాళ్లు చెడ్డవాళ్లు కారు. మీరు చెప్పలేదు.

మామయ్య: రాయకపోవడం ఒక్కటే కాదురా, ఇంకా పెద్ద తప్పు చేశాను. అయిదారేళ్ల కిందట యూనివర్సిటీ నుంచి ఒక పరిశోధక విద్యార్థిని వచ్చింది. పాత పాటల పుస్తకాల మీద పని చేస్తున్నానంది. ఫొటోలు తీసుకోనివ్వమంది. ఎవరో పట్టుకుపోతారన్న భయంతో ట్రంకు పెట్టె తాళం తియ్యలేదు. కాఫీ ఇచ్చి పంపేశాను. ఆ పిల్ల గుమ్మం దిగుతుంటే మీ అత్తయ్య నావైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

నేను: మీరు ఆ తాళం ఎవరి కోసం వేశారు మామయ్యా?

మామయ్య: నా కోసమే వేసుకున్నాను. నాకు తప్ప ఇంకెవరికీ లేదన్న సంతోషం కోసం. పోగుచేసేవాడికి ఆ జబ్బు ఉంటుంది, కాదనను. కానీ అందరూ అలా లేరు. మద్రాసులో వీఏకే రంగారావు గారు యాభై వేలకి పైగా ప్లేట్లు సేకరించారు. సేకరించి ఊరుకోలేదు. ఎవరు పాడారు, ఎవరు బాణీ కట్టారు, ఏ ఏడాదిది అని దశాబ్దాల పాటు రాస్తూ వచ్చారు. తెలుగు పాట చరిత్ర రాసేవాళ్లకి ఆ రాతలే దారి.

నేను: తమిళనాడులో కోట్టైయూరు అనే ఊళ్లో రోజా ముత్తయ్య చెట్టియార్ ఉండేవారు. వృత్తి సైన్‌బోర్డులు రాయడం. సంపాదించినదంతా పెట్టి పాత తమిళ పుస్తకాలు, పత్రికలు, పాటల పుస్తకాలు, నోటీసులు పోగేశారు. ఆయన 1992లో పోయాక షికాగో విశ్వవిద్యాలయం సాయంతో అది చెన్నైకి చేరి, 1994 నుంచి పరిశోధన గ్రంథాలయంగా నడుస్తోంది. ఒక బోర్డులు రాసే మనిషి పోగేసింది ఇవాళ ప్రపంచమంతా వచ్చి చదువుకునే చోటు. పూనాలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచి ఉంది. రీళ్లతో పాటు పోస్టర్లు, పాటల పుస్తకాలు, ప్లేట్లు కూడా దాస్తుంది. తెలుగువాళ్లకి వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో మొదలైంది. పత్రికల పాత సంచికల కోసం ఇప్పటికీ అక్కడికే వెళ్తారు. ఇంట్లోంచి బయటికి వెళ్లే దారులు ఉన్నాయి. ఏ దారిన వెళ్లాలన్నా చేతిలో జాబితా ఉండాలి.

మామయ్య: నువ్వు మొదట వీటిని ఇచ్చేద్దాం అన్నావు. ఇప్పుడు దాచమంటున్నావా?

నేను: మొదట నేను అన్నది తప్పు. నకలు చాలనుకున్నాను. ఖాకీ కవరు మీద ఆ రాత చూశాక చాలదని తెలిసింది. పాట ఒక్కటే ఎక్కించి ఉంటే మాస్టారు మిగిలేవారు కారు. ప్లేటు, లేబులు, కవరు, మధ్యలో నున్నటి భాగంలో గీసిన అంకె, రెండు వైపులా అన్నీ ఫొటో తీయాలి. పోస్టర్లని మడతపెట్టకుండా పరిచి తీయాలి. చిరిగినచోట సెలోటేపు వేయకూడదు, లామినేషన్ అసలే వద్దు. ప్లేట్లని ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టాలి. ఇదంతా నేను చేయగలను. కానీ ఒక్క పని నా వల్ల కాదు. మీ తలలో ఉన్నది మీరే చెప్పాలి.

మామయ్య: తీసిన నకళ్లు అందరికీ వినిపించొచ్చా? చట్టం ఒప్పుకుంటుందా?

నేను: ప్లేటు మీద ధ్వనికి మన చట్టంలో అరవై ఏళ్లే హక్కు. 1957లో వచ్చిన ప్లేటు హక్కు 2017తో తీరింది. రాసినవాళ్లకీ, బాణీ కట్టినవాళ్లకీ మాత్రం వాళ్లు పోయాక అరవై ఏళ్లు. పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో పోయారు, ఘంటసాల 1974లో. కాబట్టి పాటని ఊరికే నెట్‌లో పెట్టేయలేం. కానీ ఎవరైనా ఇంటికి వచ్చి చదువుకుంటానంటే, వింటానంటే ఏ చట్టమూ అడ్డురాదు. జాబితాకైతే అసలే అడ్డులేదు. ఏ ప్లేటు ఎవరి దగ్గర ఉందో నలుగురికీ తెలియడమే సగం పని.

మామయ్య: ఆ పరిశోధక విద్యార్థిని ఫోను నంబరు మీ అత్తయ్య దగ్గర ఉంటుంది. పాత డైరీలో రాసుకుంది.

నేను: అత్తయ్య రాసుకున్నారన్నమాట.

మామయ్య: ఆవిడ అన్నీ రాసుకుంటుంది. సరే, ఆ మేజా మీద లాంగ్ నోట్‌బుక్ తే. పెన్ను వద్దు, పెన్సిలు తే. సిరా ఈ ఉక్కకి పాకుతుంది. మొదటి నంబరు ఏది వేద్దాం?

నేను: మీరే చెప్పండి.

మామయ్య: స్పిరిటుతో పాడుచేసినదే మొదటిది. ఏ నెలలో తుడిచానో కూడా రాస్తాను. తర్వాతివాడు ఆ తప్పు చేయకూడదు. రెండోది మాస్టారి ప్లేటు. ఆయన రాసిన మాటలు అలాగే ఎక్కిద్దాం. ఆ కింద, ఆయన ఇంటి నుంచి ఇక్కడికి ఎలా వచ్చిందో నా చేత్తో రాస్తాను.

ఆ రోజు చీకటి పడేసరికి పందొమ్మిది ప్లేట్లు నోట్‌బుక్‌లోకి ఎక్కాయి. ఒక్కోదానికి ఆయన ఏదో ఒకటి గుర్తుచేసుకుంటూ ఉంటే పని నెమ్మదిగా సాగింది, సాగనిచ్చాం. మద్రాసు మూర్ మార్కెట్ 1985లో తగలబడక ముందు అక్కడ కొన్నవి, ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికినవి, గాంధీనగర్‌లో సినిమా పంపిణీ ఆఫీసు మూసేస్తూ బయట పడేస్తే ఏరుకొచ్చిన పోస్టర్లు. ఆయన చెప్పకపోతే వీటిలో ఒక్కటీ నాకు తెలిసేది కాదు. ఇల్లు ఖాళీ చేసే గడువు మారలేదు. కానీ వెనక గది చివరగా ఖాళీ చేయాలని నిర్ణయించుకున్నాం.

ఆ మధ్యాహ్నం మేమిద్దరం చెరో మాట ఒప్పుకున్నాం. పాట ఒక్కటే మిగిలితే చాలన్న నా మాట తప్పు. దాచిపెడితే చాలన్న ఆయన మాటా తప్పే. రాసిపెట్టని సేకరణ, ఎంత ప్రేమతో పోగేసినా, యజమాని ఉన్నన్నాళ్లే సేకరణ. ఆ తర్వాత అది పాత సామానే.

మీ ఇంట్లో అటక మీద తాతగారి గ్రామఫోన్ ప్లేట్లు ఉండొచ్చు. అమ్మ దాచుకున్న పాటల పుస్తకమో, నాన్న హాలువాళ్లని బతిమాలి తెచ్చుకున్న పోస్టరో ఉండొచ్చు. అమ్మేముందు, ఎవరికైనా ఇచ్చేముందు, లేక అలాగే ఉంచుకునేముందైనా, ఒక చిన్న కాగితం తీసుకోండి. అది ఏ సినిమాది, ఎవరు కొన్నారు, ఎక్కడ కొన్నారు, ఇంట్లో ఎవరు వినేవారు, ఈ నాలుగు మాటలు పెన్సిలుతో రాసి కవరులో పెట్టండి. చెప్పగలిగినవాళ్లు ఇంట్లో ఉండగానే, ఈ ఆదివారమే రాయండి.